రిపబ్లిక్ డే స్పీచ్‌లో పాపకి ఏం చెప్పాలి?

అయిదో తరగతి చదివే మీ పాప రిపబ్లిక్ డేకి స్కూల్లో స్పీచ్ చెప్పాలి, "ఆగస్టు 15న జెండా ఎగరేశాం కదా, మళ్ళీ జనవరి 26న ఎందుకు" అని మిమ్మల్ని పట్టుకుంది, అదే కదండీ మీ ప్రశ్న. చాలా న్యాయమైన డౌటు. నేను మన వైజాగ్ కంచరపాలెంలో అదే వయసులో మా నాన్నని ఇదే అడిగితే "అది స్వతంత్రం, ఇది రాజ్యాంగం, పోయి బూట్లకి సుద్ద రాసుకో" అన్నాడు. ఆయన్ననేదేం లేదు, నాకూ ముప్పై దాటేదాకా అంతకుమించి తెలీదు.

నెట్‌లో దొరికే స్పీచ్‌లు మాత్రం కాపీ కొట్టకండి. అన్నీ ఒకే అచ్చు, సభకు నమస్కారంతో మొదలై అంబేద్కర్ గారి పేరు, రాజ్యాంగంలో మొదట్లో ఉన్న 395 ఆర్టికల్స్, 8 షెడ్యూళ్ళు, జైహింద్. తప్పేం లేదు గానీ పాప అడిగినదానికి అందులో జవాబుండదు.

జవాబు 1929లో ఉంది. ఆ డిసెంబర్‌లో లాహోర్‌లో కాంగ్రెస్ మహాసభ, నెహ్రూ అధ్యక్షుడు, ఇంక బ్రిటిష్ రాజు కింద ఉంటూ మనల్ని మనం పాలించుకునే డొమీనియన్ హోదా గిదా వద్దు పూర్ణ స్వరాజ్యమే కావాలని తీర్మానించి 31 అర్ధరాత్రి రావి నది ఒడ్డున జెండా ఎగరేశారు. తర్వాత దేశమంతా ఒక రోజు స్వాతంత్ర్య దినంగా జరుపుకోవాలని జనవరి ఆఖరి ఆదివారం పెట్టుకున్నారు, ఆ ఆదివారం 1930 జనవరి 26. ఆ రోజు ఊరూరా జనం గుమిగూడి స్వాతంత్ర్య ప్రతిజ్ఞ చదివారు. ఈ ప్రతిజ్ఞ అనే మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దానికే వస్తాను. అప్పట్నించి స్వతంత్రం వచ్చేదాకా ఏటా జనవరి 26నే స్వాతంత్ర్య దినం.

మరి స్వతంత్రం వచ్చేసరికి తేదీ ఆగస్టు 15 అయింది, అది చివరి వైస్రాయ్ మౌంట్‌బాటన్ ఎంచుకున్న తేదీ, రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ లొంగిపోయిన రోజని ఆయనకి అదంటే మోజు. అంటే చూడండి, ఆగస్టు 15 వాళ్ళు పెట్టిన ముహూర్తం, జనవరి 26 మనం పెట్టుకున్న ముహూర్తం. రాజ్యాంగాన్ని 1949 నవంబర్ 26నే ఆమోదించేసి, పౌరసత్వం, ఎన్నికల లాంటి కొన్ని ఆర్టికల్స్ వెంటనే అమల్లో పెట్టి, మిగతాదంతా ఇంకో రెండు నెలలు ఆపింది ఆ పాత తేదీ కోసమే. పాపకి ఇది చెప్తే చాలు, వెంటనే పట్టేస్తుంది.

ఇంకోటి, 1947 తర్వాత కూడా మనకి కాగితాల మీద రాజు ఆరో జార్జే. ఆయన తరఫున ఇక్కడ గవర్నర్ జనరల్ ఉండేవాడు, 1935 నాటి చట్టాన్నే కాస్త మార్చుకుని నడిపాం. 1950 జనవరి 26 పొద్దున్న 10:18కి రిపబ్లిక్, అంటే రాజు లేని దేశం, అని ప్రకటించి, ఇంకో ఆరు నిమిషాలకి రాజేంద్ర ప్రసాద్ గారు రాష్ట్రపతిగా ప్రమాణం చేశారు. మొదటి పరేడ్ ఇప్పుడు టీవీలో చూసే రోడ్డు మీద కాదు, ఢిల్లీలోనే ఇర్విన్ స్టేడియంలో, ముఖ్య అతిథి ఇండోనేషియా అధ్యక్షుడు సుకర్ణో.

జెండా విషయంలో కూడా తేడా ఉంది. ఎర్రకోట మీద ప్రధానమంత్రి కిందనుంచి పైకి లాగి ఎగరేస్తారు, జనవరి 26న రాష్ట్రపతి ఆల్రెడీ పైన కట్టి ఉన్నదాన్ని తాడు లాగి విప్పుతారు. మన తెలుగులో రెండిటికీ ఆవిష్కరణే అంటాం, నిజానికి ఆ మాట జనవరికే బాగా అతుకుతుంది, మూసి ఉన్నది తెరవడం కదా. స్కూళ్ళలో అయితే రెండుసార్లూ పైన కట్టే ఉంచుతారు, లోపల పూలరేకులు పెట్టి.

ఆ కట్టడం దగ్గర నాదో కథుంది. ఎనిమిదో క్లాసులో ముందురోజు సాయంత్రం మైదాపిండి ఉడికించి జిగురు చేసి పురికొసకి రంగుకాగితాలు అంటించే బ్యాచ్‌లో ఉండేవాణ్ణి. పొద్దున్న డ్రిల్లు మాస్టారు జెండా మడత పెట్టి మధ్యలో బంతిరేకులు పోసి నా చేతికిచ్చి "జారుముడి వెయ్ రా, కొస లాగితే విడిపోవాలి" అన్నారు. ఆ రోజు సముద్రం గాలి గట్టిగా ఉంది, రేకులు ఎగిరిపోతాయేమోనని భయమేసి నేను ఆ జారుముడి మీద ఇంకో చుట్టు తిప్పి బిగించాను, అది కాస్తా పీటముడి అయి కూర్చుంది. ముఖ్య అతిథి తాడు లాగారు, రాలేదు, మళ్ళీ లాగారు, కర్ర మొత్తం ఊగింది గానీ జెండా విచ్చుకోలేదు, ఈలోపు డ్రమ్ము కొట్టేవాడు అలవాటుగా కొట్టేశాడు, జనగణమన మొదలైపోయింది. అందరం సెల్యూట్ చేసింది ఒక గుడ్డ మూటకి. పాట అయ్యాక ఒకణ్ణి కర్రెక్కించి విప్పించారు, రేకులన్నీ వాడి నెత్తిమీదే పడ్డాయి. బూందీ పొట్లం పంచేటప్పుడు మాస్టారు నావైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.

సరే, ప్రతిజ్ఞ దగ్గరికొస్తా, నాకు అసలు చెప్పాలనుంది ఇదే. "భారతదేశం నా మాతృభూమి, భారతీయులందరూ నా సహోదరులు" అని పిల్లలు రోజూ చెప్తారు కదా, అది పుట్టింది మన వైజాగ్‌లోనండీ! పైడిమర్రి వెంకట సుబ్బారావు గారిది నల్గొండ వైపు అన్నెపర్తి, ఇక్కడ జిల్లా ట్రెజరీ ఆఫీసర్‌గా పనిచేస్తూ 1962లో, చైనా యుద్ధం జరిగిన ఏడాదే, తెలుగులో రాశారు. దాన్ని తెన్నేటి విశ్వనాథం గారికి చూపించారు, బీచ్ రోడ్డులో తెన్నేటి పార్క్ ఉంది కదా, ఆయనే. ఆయన అప్పటి విద్యాశాఖ మంత్రి పీవీజీ రాజు గారికి అందించారు, 1963లో మొదటిసారి విశాఖలోనే ఒక స్కూల్లో చదివించారు. 1964లో బెంగళూరులో అప్పటి కేంద్ర విద్యామంత్రి ఛాగ్లా గారి అధ్యక్షతన జరిగిన మీటింగ్‌లో దేశమంతా అన్ని స్కూళ్ళలో చెప్పించాలని నిర్ణయించి, మొదలుపెట్టిన తేదీ 1965 జనవరి 26. 1930లో జనం ప్రతిజ్ఞ చదివిన తేదీయే మళ్ళీ! పదేళ్ళు రోజూ లైన్లో నించుని చెయ్యి చాపి చెప్పాం, మా టెక్స్ట్‌బుక్ మొదటి పేజీలో ప్రతిజ్ఞ ఉండేది, రాసినాయన పేరు ఉండేది కాదు. ట్రెజరీ ఆఫీసులో బిల్లుల మధ్య కూర్చున్న మనిషి రాశాడని మాకెవరు చెప్తారు.

ఊళ్ళో చూపించాలంటే పోలీస్ పరేడ్ గ్రౌండ్‌కి తీసుకెళ్ళండి. కలెక్టర్ జెండా ఎగరేస్తారు, జిల్లా ప్రగతి ఉపన్యాసం ఉంటుంది, అది కాస్త సాగుతుంది, ఆ తర్వాత శకటాలు, పిల్లల డాన్సులు, బాగా పనిచేసిన ఉద్యోగులకి ప్రశంసాపత్రాలు. శకటాలంటే గుర్తొచ్చింది, 2025లో ఢిల్లీలో మన ఏటికొప్పాక బొమ్మల శకటానికి మూడో బహుమతి వచ్చింది, ఊరు ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది గానీ లక్కబొమ్మలు మనవే అనుకుంటాం. నేవీ వాళ్ళ పరేడ్ వేరే, వాళ్ళ బేస్ లోపల జరుగుతుంది, మనలాంటివాళ్ళకి ఊరికే ఎంట్రీ ఉండదు. బీచ్‌లో హెలికాప్టర్లతో చేసే విన్యాసాలు నేవీ డేవి, జనవరి 26 అనుకుని పిల్లల్ని వేసుకుని ఆర్కే బీచ్‌కి వెళ్ళి ఉత్తినే తిరిగొచ్చినవాళ్ళు నాకు తెలుసు, అందులో మా బావ ఒకడు.

స్పీచ్‌కి నేనైతే మూడే ముక్కలు పెడతాను, రావి ఒడ్డు, రెండు నెలలు ఆగిన రాజ్యాంగం, మన ట్రెజరీ ఆఫీసర్ గారు. మూడు నిమిషాలు దాటనివ్వకండి, టిఫిన్ తినకుండా వచ్చిన పిల్లలు వెనక లైన్లో కళ్ళు తిరిగి పడుతుంటారు.