వంశధార గట్టున కనిపించే ఊదాపూల పొద ఏమిటి? మోకాళ్ల నొప్పికి పనికొస్తుందా?

శ్రీకాకుళం జిల్లా హిరమండలం దగ్గర గట్టు మీద మీరు చూసిన ఊదాపూల పొద, మీరు చెప్పిన గుర్తులను బట్టి, వావిలి. ఒక రెమ్మ తుంపి చూడండి. ఒకే కాడకు మూడో అయిదో సన్నటి ఆకులు చేతివేళ్లలా విచ్చుకుని ఉంటాయి. పైన ముదురు పచ్చ, అడుగున బూడిదరంగు నూగు. నలిపితే గుప్పున ఘాటు వాసన. మేకలు పెద్దగా ముట్టవు కాబట్టే పొలాలకు కంచెగా వేస్తారు.

ఆయుర్వేదంలో దీన్ని నిర్గుండి అంటారు. వినాయక చవితి 21 పత్రిలో సింధువారం కూడా ఇదే. బాలింత స్నానానికి వావిలాకు వేసి నీళ్లు కాచడం మనవైపు పెద్దవాళ్లకు చెప్పక్కర్లేదు.

మోకాళ్లకైతే, ఆకును కాస్త ఆముదంలో వేయించి, గుడ్డలో మూటకట్టి, చర్మం ఓర్చుకునే వేడిలో కాపడం పెట్టుకోండి. వాపు, పట్టేసినట్టుండటం కొంత తగ్గొచ్చు. నిర్గుండి తైలం ఆయుర్వేద షాపుల్లోనూ దొరుకుతుంది. అయితే అరిగిపోయిన కీలును ఇది బాగుచేయదు. బాగుచేస్తుందని ఎవరు చెప్పినా నమ్మకండి. కషాయం మాత్రం సొంతంగా కాచుకుని తాగొద్దు, గర్భిణులైతే అసలే వద్దు.