స్కూబా డైవ్ చివర, పైకి వచ్చే ముందు 5 మీటర్ల లోతు దగ్గర కాసేపు ఆగలేకపోతున్నారా?

కారణం చాలావరకు మునగడానికి కట్టుకునే సీసం బరువు చాలకపోవడమే. మొదట బాగానే మునిగి, ఒడ్డుకు తిరిగొచ్చేటప్పుడు తేలిపోతున్నారంటే సిలిండర్ తేలికైందన్నమాట. గాలి ఖర్చయ్యేసరికి సుమారు 2 కిలోలు తగ్గుతుంది.

చాలామంది నిండు సిలిండర్‌తోనే బరువు చూసుకుంటారు. చూడవలసింది చివర్లో:

1. సిలిండర్‌లో గాలి పీడనం 50 బార్ మిగిలినప్పుడు, అలలు లేనిచోట, కాళ్లు అందని లోతున్న నీటి పైభాగంలో నిలువుగా ఉండండి. రెగ్యులేటర్ (సిలిండర్ గాలి పీల్చుకునే పరికరం) నోట్లోనే ఉండాలి.
2. జాకెట్‌ (తేలడానికి గాలి నింపుకునే కోటు) గాలి పూర్తిగా వదలండి. ఇక్కడే పొరపాటు జరుగుతుంది: ఎడమ భుజం దగ్గర బుడగ మిగిలిపోతుంది. ఆ భుజం ఎత్తి, జాకెట్‌ గాలి గొట్టం నిటారుగా పట్టుకోండి.
3. కాళ్లు కదపకుండా మామూలుగా ఊపిరి పీల్చి బిగబట్టండి. నీరు కళ్ల మట్టానికి రావాలి. ఊపిరి వదిలితే మెల్లగా మునగాలి.

మునగకపోతే ఒక్కో కిలో కలిపి చూడండి. అప్పటిదాకా 5 మీటర్ల దగ్గర ఆగడానికి పగడాలను మాత్రం పట్టుకోకండి, దయచేసి.