సర్కారు వకీలు ఎవరి మాట వినాలి?

ఒక తండ్రి అడిగిన ప్రశ్న: మా అమ్మాయి అయిదేళ్ల న్యాయవిద్యలో చివరి సంవత్సరం చదువుతోంది. కొన్నాళ్లు ప్రాక్టీసు చేసి అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ (ఏపీపీ), అంటే క్రిమినల్ కేసుల్లో ప్రభుత్వం తరఫున వాదించే న్యాయవాది, పరీక్ష రాస్తానంటోంది. ప్రభుత్వ న్యాయవాది అంటే పైవాళ్లు చెప్పింది కోర్టులో అప్పజెప్పడమేననీ, అక్కడ మనస్సాక్షికి చోటుండదనీ బంధువులు అంటున్నారు. ఆమెను ప్రోత్సహించమంటారా?

తప్పకుండా ప్రోత్సహించండి. మీ బంధువులు చెప్పినటువంటి న్యాయవాదులు లేరని నేను అనను. అయితే వారు అలా నడుచుకుంటున్నది చట్టం అడిగినందువల్ల కాదు, చట్టం ఇచ్చిన స్వేచ్ఛను వాడుకోనందువల్ల. మీ అమ్మాయి ముందుగా గ్రహించవలసింది ఒక్కటే: ఆమె ప్రభుత్వం తరఫున నిలబడుతుంది గాని, ఆ రోజు ఆ కుర్చీలో కూర్చున్న అధికారి తరఫున కాదు.

న్యాయవాదుల వృత్తి ప్రమాణాలను నిర్దేశించే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలలో ప్రాసిక్యూషన్ నడిపే న్యాయవాది గురించి ప్రత్యేకంగా ఒక నియమం ఉంది. నిర్దోషికి శిక్ష పడేలా కేసు నడపకూడదనీ, నిందితుడి నిర్దోషిత్వాన్ని చూపగల ఆధారాన్ని దాచిపెట్టడం ఎంతమాత్రం కూడదనీ అది చెబుతుంది. నెల జీతం తీసుకునే ప్రాసిక్యూటరు ఉద్యోగి మాత్రమే గనుక ఈ నియమాలు తనకు పట్టవని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు. కోర్టులో వాదించడమే వృత్తిగా గల ప్రభుత్వ ప్రాసిక్యూటరు న్యాయవాదిగానే కొనసాగుతారని సుప్రీంకోర్టు 2013లో దీపక్ అగర్వాల్ కేసులో తేల్చింది.

ఇది ఆచరణలో ఎలా ఎదురవుతుందో చూడండి. కొట్లాట కేసు ఒకటి విచారణకు వచ్చిందనుకుందాం. గొడవ జరిగిన వేళ నిందితుడు అక్కడ లేడని ఒక పొరుగాయన పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలం కేసు డైరీలో, అంటే పోలీసుల దర్యాప్తు రికార్డులో, ఉంది, చార్జిషీటులోని సాక్షుల జాబితాలో మాత్రం ఆయన పేరు లేదు. దర్యాప్తు అధికారి అది అక్కరలేదంటారు. అటువంటి వాంగ్మూలాలను ఫైలులోనే ఉంచేయడం చాలాకాలం అలవాటుగా సాగింది. ప్రాసిక్యూషన్ ఆధారపడని వాంగ్మూలాలు, పత్రాలు, వస్తువుల జాబితాను కూడా నిందితుడికి అందజేయాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పాక ఆ అలవాటుకు సాకు లేకుండా పోయింది. మీ అమ్మాయి ఆ కాగితం సంగతి జాబితాలో చేర్పించాలి, అధికారి ముఖం చిట్లించుకున్నా సరే. పబ్లిక్ ప్రాసిక్యూటరు దర్యాప్తు సంస్థలో భాగం కాదని, స్వతంత్ర బాధ్యత గల వ్యక్తి అని హితేంద్ర విష్ణు ఠాకూర్ కేసులో 1994లోనే అదే న్యాయస్థానం చెప్పింది. కేసు ఓడిపోతే ఎలా అని ఆమె మధనపడవచ్చు. నిర్దోషి విడుదలైతే అది ప్రభుత్వానికి ఓటమి కాదని నేను గట్టిగా నమ్ముతాను.

దీనికంటే కష్టమైన ఘట్టం కేసు ఉపసంహరణ. క్రిమినల్ కేసుల దర్యాప్తు, విచారణ పద్ధతిని నిర్దేశించే భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 360వ సెక్షను ప్రకారం ప్రాసిక్యూషన్‌ను ఉపసంహరించుకునే అధికారం ప్రాసిక్యూటరుది, అదీ కోర్టు సమ్మతితో మాత్రమే. ప్రభుత్వం సూచించవచ్చు, కాని ఫైలు చదివి తన సొంత బుద్ధితో నిర్ణయించవలసింది ఆమే. పైనుంచి ఉత్తర్వు వచ్చిందన్న ఒక్క కారణంతో సంతకం పెడితే ఆ అధికారాన్ని ఆమె చేజేతులా వదులుకున్నట్టే. ఇక్కడ నేను ఇచ్చే సలహా ఏమిటంటే, అభిప్రాయాన్ని ఎప్పుడూ నోటిమాటగా చెప్పి ఊరుకోకుండా, కారణాలతో సహా మర్యాదైన భాషలో ఫైలు మీద రాయాలి. నోటిమాటగా చెప్పిన అభ్యంతరం రేపటికి ఎవరికీ గుర్తుండదు, రాసినది నిలుస్తుంది.

రేపు ఆమె సివిల్ వైపు, అంటే గవర్నమెంట్ ప్లీడరుగా వెళ్లాలనుకుంటే ప్రశ్న మరో రూపంలో వస్తుంది. పౌరుడికి న్యాయంగా రావలసిన డబ్బును దావాకు కాలదోషం పట్టిందన్న, అంటే వేయవలసిన గడువు దాటిపోయిందన్న వాదనతో ఎగవేయడం ప్రభుత్వ సంస్థలకు తగదని మద్రాసు పోర్ట్ ట్రస్ట్ కేసులో సుప్రీంకోర్టు 1979లో అన్నది. ఆ వాదన చట్టం దృష్ట్యా చెల్లుతుంది కదా అని శాఖ పట్టుబట్టవచ్చు. అప్పుడు వాదన చెల్లుబాటు వేరనీ, దాన్ని లేవనెత్తడం ప్రభుత్వానికి తగునా అన్నది వేరనీ శాఖకు విడమరచి చెప్పడం ప్లీడరు పని.

వీటికి మూల్యం ఉండదని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టలేను. బదిలీలు ఉంటాయి, సహోద్యోగుల నిష్ఠూరాలు ఉంటాయి. అందుకే ఏ దారిలో వెళ్లాలన్నది కూడా నైతికతకు సంబంధించిన ప్రశ్నే. పరీక్ష ద్వారా రెగ్యులర్ కేడర్‌లోకి వచ్చిన ఏపీపీకి ఉద్యోగ భద్రత ఎక్కువ. నిర్ణీత కాలానికి నియమితులయ్యే ప్లీడర్లకూ ప్రాసిక్యూటర్లకూ పదవి పొడిగింపు ప్రభుత్వం చేతిలో ఉంటుంది గనుక కాదనడం వారికి మరింత కష్టం. మొదటి దారిని ఎంచుకోవడం మీ అమ్మాయి ముందుచూపు.

కక్షిదారుల నుంచి ఏమీ స్వీకరించకపోవడం, తెలిసినవారి కేసులకు దూరంగా ఉండటం వంటివి ఆమెకు తెలిసే ఉంటాయి గనుక విస్తరించను.

చదువు పూర్తయ్యేలోగా ఆమె చేయగలిగిన పని ఒకటుంది. సెలవుల్లో మేజిస్ట్రేటు కోర్టులో కూర్చుని ఏపీపీ సాక్షులను విచారించే తీరు గమనించమనండి. ముఖ్యంగా, సాక్షి ఎదురు తిరిగినప్పుడు ఆ ఏపీపీ ఏం అడిగారో, ఏం అడగకుండా వదిలేశారో ఇంటికి వచ్చాక రాసుకుని, ఆ స్థానంలో తానుంటే ఏం చేసేదో పక్కనే రాయమనండి.