ఆండ్రోమెడా గీతలు గీతలుగా వచ్చింది, టెలిస్కోప్ కొనాలా?

ప్రశ్న: సార్, నా దగ్గర పాత డీఎస్ఎల్ఆర్, 50 ఎంఎం లెన్సు ఉన్నాయి. మొన్న అమావాస్యకి మా కల్లంలో ట్రైపాడ్ వేసి, ఆండ్రోమెడా గెలాక్సీ వైపు తిప్పి, ఐదు నిమిషాలు షట్టర్ తెరిచి ఉంచాను. చుక్కలన్నీ గీతలైపోయాయి, ఆకాశం పసుపు ముద్దలా వచ్చింది. 40 వేలు పెట్టి టెలిస్కోప్ కొంటే పని అవుతుందా?
– పేరు వెయ్యొద్దన్న పాఠకుడు, నరసన్నపేట

జవాబు: కొనకండి, కనీసం ఈ ఏడాదికి. ఆ ధరలో దొరికేవి చాలావరకు శని వలయాలు చూసి ఇంటిల్లిపాదీ మురిసిపోవడానికి బాగుంటాయి గానీ, వాటి స్టాండు ఆకాశంతో పాటు తిరగదు కాబట్టి మీ ట్రైపాడ్‌కి వచ్చిన రోగమే దానికీ వస్తుంది, అదీ ఎన్నో రెట్లు. గెలాక్సీ ఫొటోకి పైనున్న గొట్టం కన్నా కిందున్న స్టాండు ముఖ్యం.

భూమి తిరుగుతూనే ఉంటుంది కదా. ఐదు నిమిషాల్లో ఆండ్రోమెడా దాదాపు రెండు పున్నమి చంద్రుళ్ల వెడల్పంత జరిగిపోతుంది, గీతలు రాకపోతేనే ఆశ్చర్యపోవాలి. ఆ పసుపు హైవే లైట్లది.

గీతలు రాకుండా షట్టర్ ఎన్ని సెకన్లు తెరిచి ఉంచొచ్చో తెలియడానికి 500ని లెన్సు ఎంఎంతో భాగించే లెక్క ఒకటుంది, చిన్న సెన్సర్ కెమెరాకైతే మళ్లీ 1.5తో భాగించాలి. మీకు ఆరున్నర సెకన్లు వస్తుంది, నేనైతే ఐదు దగ్గరే ఆగుతాను. అలాంటివి 400 తియ్యండి, కెమెరా ఏమీ కుదించకుండా దాచే రా ఫార్మాట్‌లో. అరగంట పైచిలుకు పని, మధ్యలో ఒకసారి గెలాక్సీని మళ్లీ ఫ్రేము మధ్యకి తెచ్చుకోవాలి. డీప్‌స్కైస్టాకర్, సిరిల్ అనే కంప్యూటర్ ప్రోగ్రాములు రెండూ ఉచితమే, చుక్క మీద చుక్కని కూర్చోబెట్టి సగటు తీస్తాయి. గెలాక్సీ వెలుగు అన్ని ఫొటోల్లోనూ ఒకే చోట ఉంటుంది, గరుకు, అంటే చీకటి ఫొటోల్లో ఇసక చల్లినట్టు కనిపించే మచ్చలు, మాత్రం ఒక్కోదాంట్లో ఒక్కో చోట పడుతుంది, అందుకని 400 కలిపితే గరుకు ఇరవయ్యో వంతుకి దిగిపోతుంది. 1888లో ఐజాక్ రాబర్ట్స్ అనే ఔత్సాహిక ఖగోళ పరిశీలకుడు ఇంగ్లండులో ఇదే గెలాక్సీకి ఒకే గాజు ప్లేటు మీద గంటల తరబడి వెలుగు పట్టాడు, దాని సుడి ఆకారం బయటపడింది అప్పుడే. పాపం, ఆయనకి ఇలా ఫొటోలు కలిపే స్టాకింగ్ లేదు, నడుమ ఏది చెడినా రాత్రంతా గోవిందా.

ఆటోఫోకస్ ఆపేసి, కెమెరా వెనక తెర మీద లైవ్ వ్యూలో ఒక పెద్ద చుక్కని జూమ్ చేసి, అది సూదిమొనంత అయ్యేదాకా చేత్తో తిప్పి, అక్కడ రింగుకి సెల్లోటేపు అంటించండి. లెన్సు మీదున్న ఇన్ఫినిటీ గుర్తుని నమ్మొద్దు.

కార్తీక అమావాస్య మంచి రోజు. రాత్రి ఎనిమిది ప్రాంతంలో ఆండ్రోమెడా బాగా పైకొస్తుంది. మర్నాడు పోలి పాడ్యమి, ఇంట్లో ఆడవాళ్లు దీపాలు వదలడానికి లేచే వేళకి మీరు ఇంటికి చేరతారు. సముద్రం ఒడ్డుకి మాత్రం పోకండి. నేను కళింగపట్నంలో గంటన్నర కూర్చుని తీసిన వాటిలో సగం పాలు పోసినట్టు మసక, లెన్సు మీద మంచు పట్టిందని ఇంటికొచ్చాక గానీ తెలీలేదు. లెన్సుకి చుట్టే యూఎస్‌బీ హీటర్ పట్టీ కొనుక్కోండి, కండువాతో తుడిస్తే ఫోకస్ కదిలిపోతుంది.

డబ్బు పెట్టే తీరతానంటే, ఆకాశంతో పాటు కెమెరాని తిప్పే స్టార్ ట్రాకర్ మీద పెట్టండి. దాని ఇరుసు ధ్రువ నక్షత్రం వైపు ఉండాలి. చెయ్యి చాపి పిడికిలి పడితే సుమారు 10 డిగ్రీలు. మన శ్రీకాకుళంలో ధ్రువుడు 18 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, అంటే నేల నుంచి రెండు పిడికిళ్లకు కాస్త తక్కువ. చెట్లు అడ్డొస్తాయి, ఉత్తరం ఖాళీగా ఉన్న పొలం చూసుకోండి.

ప్రశ్న: ఆండ్రోమెడాని బైనాక్యులర్‌లో చూస్తే బూడిద మరక, ఫొటోల్లో నీలం, గులాబీ. ఆ రంగులు కల్పించినవేనా?
– ఒక టీచరు, బొబ్బిలి

జవాబు: ఉన్నవే, కాకపోతే కంప్యూటర్‌లో పెంచి చూపిస్తారు, కొందరు మరీ పెళ్లి ఆల్బమ్‌లా పెంచేస్తారు. నీలం కుర్ర నక్షత్రాలది, గులాబీ హైడ్రోజన్ వాయువుది. మసక వెలుతురులో మన కంట్లో రంగు పట్టే కణాలు పని చెయ్యవు, పైగా కన్ను వెలుగుని దాచుకోలేదు, సెన్సర్ దాచుకుంటుంది. నమ్మకం కుదరకపోతే కరెంటు పోయిన రాత్రి వీధిలోకొచ్చి మీ చీర రంగేదో చెప్పడానికి ప్రయత్నించండి.