చిట్టికి, ఫారం తెరిచే ముందు

చిరంజీవి చిట్టికి, పెదనాన్న ఆశీస్సులు.

కావలి, కందుకూరు వైపు నుంచి డయాలసిస్‌కు నెల్లూరు వెళ్లేవాళ్ల కోసం నువ్వూ నీ స్నేహితులూ కార్లు సమకూర్చబోతున్నారని నిన్న మీ నాన్న ఫోనులో చెప్పాడు. ఎవరికి ఏ రోజు బండి కావాలో తెలుసుకోవడానికి ఆన్‌లైన్ ఫారం పెడుతున్నారట. వారానికి రెండు మూడు సార్లు, వెళ్లిన ప్రతిసారీ నాలుగేసి గంటలు ఆ మంచం మీద పడుకుని, లేచి మళ్లీ బస్సు కోసం నిలబడేవాళ్ల సంగతి మా ఇంటి పిల్లకు పట్టిందంటే గర్వపడనా? మీ పెద్దమ్మకు రెండు సార్లు చెప్పాను. ఒకసారే విన్నది. రాత్రి మాత్రం నాకు నిద్ర పట్టలేదు. కారణం తర్వాత రాస్తాను, ముందు చిల్లర సంగతులు ముగిస్తాను.

పేరు, ఫోను, ఊరు, ఏ రోజు, ఎన్ని గంటలకు, తోడు ఎవరైనా వస్తారా, బండి ఎక్కడానికి చెయ్యి పట్టుకోవాలా. ఇంతే అడుగు. ఆధార్ అడగకు. మండల కార్యాలయంలో ముప్పై ఏళ్లు పనిచేసి, చివరి ఏళ్లలో 'ఆధార్ నకలు జతపరచవలెను' అని రాయించిన చేతితోనే చెబుతున్నాను, కారు ఎక్కించడానికి ఆధార్‌తో పని లేదు. ఆసుపత్రి చీటీ ఫొటో కూడా ఫారంలో పెట్టమనకు. గూగుల్ ఫారంలో ఫైలు జత చేయాలంటే ముందు వాళ్ల ఖాతాలోకి లాగిన్ కావాలి. మనవడి ఫోనుతో నింపుకునే ముసలాయన అక్కడే ఆగిపోతాడు.

జిల్లా గడి తీసెయ్యి, మండలం పెట్టు. కందుకూరు 2022 ఏప్రిల్ 4న ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలోకి మారాక కూడా, అక్కడి పెద్దవాళ్లను ఏ జిల్లా అని అడిగితే ప్రకాశం అనే అనేవారు. ఒకే ఫోను నంబరుతో ఐదు దరఖాస్తులు వచ్చాయని నాలుగు కొట్టెయ్యకు. వీధికంతా ఒకే స్మార్ట్‌ఫోను ఉన్న ఊళ్లు మనవి. నంబరు ముందు సున్నా పెట్టారనో, మధ్యలో ఖాళీ వదిలారనో ఫారం వాళ్లను వెనక్కి పంపకూడదు. ఆ దిద్దుబాటు మీరు తర్వాత చేసుకోండి.

డ్రైవర్లకు డీజిలు డబ్బులు పంపడానికి ఖాతా నంబర్లు తీసుకుంటారు కదా, ఎక్సెల్ పట్టికలో ఆ గడిని ముందే అక్షరాల (టెక్స్ట్) గడిగా మార్చి ఉంచు. అలా మార్చకపోతే ఎక్సెల్ పదిహేను అంకెల వరకే గుర్తు పెట్టుకుంటుంది, పదహారో అంకె ఏదైనా సున్నా చేసి చూపిస్తుంది. డబ్బు ఎక్కడికి పోయిందని తర్వాత బ్యాంకు చుట్టూ తిరగాలి. వచ్చిన జవాబులున్న అసలు పట్టికలో ఎవరూ చెయ్యి పెట్టవద్దు. నకలు తీసుకుని దాని మీద పని చేయండి.

ఇప్పుడు నా నిద్ర సంగతి.

2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరద నీకు గుర్తుండే ఉంటుంది. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. కోవూరు వైపు మగ్గం గుంటల నిండా నీళ్లు. కుర్రాళ్లు బియ్యం, దుప్పట్లు పంచుతామని బయలుదేరితే, దరఖాస్తుల పని నాకంటే ఎవరికి తెలుసునని నేనే ఫారం తయారు చేశాను. అప్పటికి రిటైరై మూడేళ్లు. మళ్లీ ఎవరో నన్ను పనికి పిలిచారన్న సంబరం ఒకటి. చివర్లో 'మీ పరిస్థితి వివరంగా రాయండి' అని పెద్ద గడి పెట్టాను. కష్టం వింటే కదా సాయం ఎవరికి ముందు చేయాలో తెలిసేది అనుకున్నాను.

సెట్టింగులలో ఒక మాట కనిపించింది, జవాబుల సారాంశం నింపినవాళ్లకు కూడా చూపించాలా అని. నేను చూపించమన్నాను. పొరపాటున వేలు తగిలి కాదు, ఆలోచించే చేశాను. ఆఫీసులో లబ్ధిదారుల జాబితా గోడకు అంటించకపోతే జనం మమ్మల్ని దొంగలనేవాళ్లు. జాబితా అందరికీ కనబడితేనే న్యాయం అని నా రక్తంలో ఇంకిపోయింది. సారాంశమంటే వంద మంది అడిగారు, ఎనభై మందికి దుప్పట్లు కావాలి, అంతే చూపిస్తుందనుకున్నాను. రాసిన మాటలు కూడా రాసినట్టే చూపిస్తుందని తెలియదు. తెలుసుకోవడానికి నేనే ఒకసారి నింపి చూసి ఉంటే సరిపోయేది. రెండు నిమిషాల పని.

ఒక నేతగాడి భార్య ఆ పెద్ద గడిలో మగ్గం మునిగిందని మాత్రమే రాయలేదు. భర్త తాగుడు, పుట్టింటివారు పెట్టిన గొలుసు తనకు చెప్పకుండా తాకట్టు పెట్టడం, పిల్లలకు రెండు రోజులుగా గంజి పోస్తున్నది ఎవరికీ తెలియనివ్వకపోవడం, అన్నీ రాసింది. పేరు కూడా కింద రాసింది, దరఖాస్తు కదా. అదే వీధిలో మరొకరు తమ ఫారం నింపి, ముగిసిన తర్వాత కనిపించిన లింకు నొక్కారు. సాయంత్రానికి ఆ మాటలు వీధంతా తిరిగాయి.

మర్నాడు బియ్యం బస్తా తీసుకుని నేనే వెళ్లాను. ఆమె గుమ్మం దాటి రాలేదు. "మాకు అవసరం లేదండీ, వేరేవాళ్లకు ఇవ్వండి" అంది లోపలి నుంచి. గట్టిగా కూడా అనలేదు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆ రాత్రే సెట్టింగు మార్చాను. మార్చినంత మాత్రాన చదివినవాళ్లు మరచిపోతారా?

ఇక నీ ఫారం. కిడ్నీ జబ్బు సంగతి మన వైపు ఇళ్లలో ఎలా దాస్తారో నీకు తెలియదు, చిన్నదానివి. పెళ్లికి ఎదిగిన పిల్ల ఉన్న ఇంట్లో తండ్రికి డయాలసిస్ అని తెలిస్తే, వచ్చిన సంబంధం 'జాతకాలు కలవలేదు' అని వెనక్కి పోతుంది. మీ జవాబుల పట్టిక ఒక్కసారి వాట్సాప్ గుంపులో పడిందా, ఎన్ని ఇళ్ల సంబంధాలు పోతాయో లెక్క వేసుకో. అందుకే అంటున్నాను, జబ్బు పేరు ఫారంలో ఎక్కడా రాయించకు. 'నెల్లూరు ప్రయాణం' అను చాలు. లింకు ఉన్న ఎవరైనా పట్టిక చూడవచ్చు అనే వీలు మూసెయ్యి. డ్రైవరుకు ఆ రోజు ఎక్కేవాళ్ల పేరు, ఇల్లు, సమయం ఫోనులో చెప్పండి, పట్టిక పంపకండి.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా వివరాలు ఎందుకు తీసుకుంటున్నామో వాళ్లకు అర్థమయ్యే భాషలో ముందే చెప్పమంటుంది. జరిమానా 250 కోట్ల వరకు వెళ్లవచ్చు. నీ మీద అంత వేస్తారని కాదు, భయపెడుతున్నాననుకోకు. ఎందుకు తీసుకుంటున్నారో రెండు వాక్యాల్లో తెలుగులో ఫారం పైనే రాయి. ఇది అంబులెన్సు కాదు, ప్రాణం మీదికి వస్తే 108కి ఫోను చేయమని కూడా అక్కడే రాయి. ఫారం నింపినవాళ్లకు సాయంత్రం లోపు ఫోను చేస్తామని రాస్తే, చెయ్యాలి. బండి లేకపోతే లేదని చెప్పడానికైనా చెయ్యాలి. జబ్బు మనిషి ఫోను దిండు పక్కన పెట్టుకుని కాచుకుంటాడమ్మా.

తిడుతున్నట్టుందా? నీకు అక్షరాలు దిద్దించిన రోజుల్లోనూ ఇలాగే కసిరేవాణ్ణి, నువ్వు పలక బోర్లించి నవ్వేదానివి.

జనానికి ఇచ్చే ముందు ఫారం నాకు పంపు. మీ పెద్దమ్మ చేత, కళ్లజోడు లేకుండా, నా పాత ఫోనులో నింపిస్తాను. ఆమె ఎక్కడ విసుక్కుంటే అక్కడ మార్చు. తర్వాత జవాబుల పట్టిక ఎవరెవరికి కనబడాలో వాళ్ల పేర్లు కాగితం మీద రాసుకో. ముగ్గురికి మించవద్దు. అందులో నా పేరు పెట్టకు.

మీ పెదనాన్న