టెక్ సందేహాలు: గీతలు గీయడం కాదు, పనుల్ని ముడివేయడం

ప్రశ్న: ఒంగోలులో చిన్న చిన్న భవన నిర్మాణ పనులు చేస్తుంటాం. సెంట్రింగ్, కడ్డీలు, కరెంటు, ప్లంబింగ్, టైల్స్ అన్నీ కలిపి ఐదు బృందాలు. ఎవరు ఎప్పుడు రావాలో నోటు పుస్తకంలో రాసుకుంటున్నాను. ఒకరు ఆలస్యం చేస్తే పుస్తకమంతా కొట్టేసి మళ్లీ రాయాల్సి వస్తోంది. గాంట్ చార్టు సాఫ్ట్‌వేర్ వాడమని మా ఇంజినీర్ అంటున్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలి? డబ్బు పెట్టి కొనాలా?

జవాబు: కొనక్కర్లేదు. గాంట్‌ప్రాజెక్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటి మీదా నడుస్తుంది. మీ పనికి అది చాలు.

గాంట్ ఒక మనిషి పేరు. అమెరికాకు చెందిన మెకానికల్ ఇంజినీర్ హెన్రీ గాంట్ 1910ల్లో ఈ తరహా పట్టీల చార్టును ప్రచారంలోకి తెచ్చారు. అంతకు ముందే, 1896లో, పోలండ్ ఇంజినీర్ కరోల్ అదామియెత్స్కీ ఇలాంటిదే తయారుచేశారు. ఎడమవైపు పనుల పేర్లు, పైన తేదీలు, ఒక్కో పనికి ఒక్కో పట్టీ. చార్టంటే ఇంతే. పట్టీలైతే పెన్సిలుతోనూ గీయొచ్చు. మరి కంప్యూటర్ దేనికంటారా? ఒక పని తేదీ మారితే దాని వెనకున్న పనుల తేదీలన్నీ వాటంతటవే మారతాయి. మీ నోటు పుస్తకం చేయలేనిది అదే. అయితే ఏ పని దేని వెనకో మీరు చెప్పినప్పుడే అది సాధ్యం. ‘చార్టు వేశాం, ఉపయోగం లేదు’ అని నాకు రాసేవాళ్లు ఎక్కువగా పట్టీలకు రంగులేసి, ముడులు మరిచిపోయినవాళ్లే.

అందుకే మొదటి రోజు కంప్యూటర్ తెరవొద్దు. మేస్త్రిని, కరెంటు పనివాళ్లను కూర్చోబెట్టి ఒక్కొక్కరినీ రెండే ప్రశ్నలు అడగండి. ‘నీ పని మొదలవ్వాలంటే ముందు ఏది పూర్తవ్వాలి? నీకు ఎన్ని రోజులు కావాలి?’ రెండో ప్రశ్నకు జవాబు వాళ్ల నోటి నుంచే రావాలి. మీరు చెప్పిన రోజులు మీ ఆశ, వాళ్లు చెప్పినవి వాళ్ల మాట. ఆ కాగితం దగ్గర పెట్టుకుని పనులను ఒక్కొక్కటిగా సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించండి. ఒక పట్టీ మధ్యలో మౌస్ నొక్కిపట్టి రెండో పట్టీ మీదికి లాగితే వాటి మధ్య బాణం పడుతుంది. మొదటిది అయ్యాకే రెండోది అని ఆ బాణానికి అర్థం. ఇంకా మూడు రకాల ముడులున్నాయి గానీ, మొదటి ప్రాజెక్టుకు ఈ ఒక్కటీ చాలు.

ఇక అందరూ కాలుజారే చోటు క్యాలెండర్. ఈ సాఫ్ట్‌వేర్లు మామూలుగా శని, ఆది రెండూ సెలవనే లెక్కతో వస్తాయి. మన దగ్గర శనివారం పని ఆగుతుందా? ప్రాజెక్టు ప్రాపర్టీస్‌లో క్యాలెండర్ తెరిచి శనివారం పక్కన టిక్ తీసేయండి. ఇది చిన్న విషయమనిపిస్తే ఈ లెక్క చూడండి. సోమవారం సెంట్రింగ్ మొదలు, 5 రోజులు. తర్వాత కడ్డీలు 3 రోజులు. ఆ తర్వాత స్లాబు. స్లాబు పోశాక 14 రోజులు ఆగి సెంట్రింగ్ విప్పాలి. కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం, ఆధారాల మధ్య దూరం 4.5 మీటర్లు దాటిన స్లాబు కింద గుంజలు 14 రోజులుండాలి, అంతకు లోపలైతే 7 రోజులు. ఏదైనా మీ ఇంజినీర్ చెప్పిందే ఖాయం చేసుకోండి.

ఆదివారం ఒక్కటే సెలవైతే రెండో వారం బుధవారం స్లాబు పడుతుంది. నాలుగో వారం గురువారం సెంట్రింగ్ విప్పొచ్చు. క్యాలెండర్ మార్చకుండా, 14 అని అలాగే కొట్టారనుకోండి. స్లాబు గురువారానికి జరుగుతుంది, విప్పడం ఐదో వారం గురువారానికి పోతుంది. సరిగ్గా వారం తేడా! కారణం, కాంక్రీటుకు సెలవులు లేవు. ఆదివారం కూడా అది గట్టిపడుతూనే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ మాత్రం 14 పనిదినాలు లెక్కపెట్టింది. మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్‌లో ఇలాంటివాటికి సెలవులు చూడని రోజుల లెక్క విడిగా ఉంది. గాంట్‌ప్రాజెక్ట్‌లో తేలిక మార్గం చెప్తాను. వరసగా ఏ 14 రోజులు తీసుకున్నా అందులో రెండు ఆదివారాలు పోతాయి, కాబట్టి 12 అని ఇవ్వండి.

ఇదే స్లాబుతో ఇంకో మాట. స్లాబు పోసిన మర్నాడు కిటికీ గ్రిల్స్ పని వెల్డింగ్ షాపులో మొదలైందనుకోండి, 10 పనిదినాలు. నాలుగో వారం సోమవారానికి అవి సిద్ధం. సెంట్రింగ్ గురువారం విప్పి, శుక్రవారం గ్రిల్స్ బిగిస్తారు. అంటే షాపువాడు మూడు రోజులు ఆలస్యం చేసినా మీకు నష్టం లేదు, నాలుగో రోజూ ఆలస్యమైతే గ్రిల్స్ బిగింపు, దాని వెనకున్న ప్లాస్టరింగ్ కదులుతాయి. సెంట్రింగ్ వాళ్లకు మాత్రం ఒక్క రోజు వెసులుబాటు కూడా లేదు. ఇలా వెసులుబాటు లేని పనుల వరసనే క్రిటికల్ పాత్ అంటారు. చార్టు పైన ఆ పేరుతోనే ఉంటుంది, నొక్కితే ఆ పనులు వేరుగా కనిపిస్తాయి. పొద్దున్నే ఎవరికి ఫోన్ చేయాలో తేల్చేది అదే. అందరి వెంటా పడితే అసలువాడు తప్పించుకుంటాడు.

వాన సంగతి మరవొద్దు. మన ప్రాంతానికి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో. వాయుగుండాలూ ఎక్కువగా అప్పుడే. ప్రతి పనికీ ‘ఎందుకైనా మంచిది’ అని రెండు రోజులు కలపడం నాకు నచ్చదు, ఆ రోజులు ఎక్కడ ఖర్చయ్యాయో తర్వాత ఎవరికీ తెలియదు. స్లాబుకు ముందు ‘వాన రోజులు’ అని విడిగా ఒక పట్టీ పెట్టి బాణంతో కలపండి. వాన రాకపోతే దాన్ని కుదించండి, వెనకవన్నీ ముందుకొస్తాయి.

పని మొదలుపెట్టే ముందు బేస్‌లైన్ భద్రపరచండి. తొలి ప్రణాళిక నకలు అన్నమాట. రెండు నెలల తర్వాత ఎక్కడ ఎన్ని రోజులు జారిందో దాంతో పోల్చి చూస్తే తెలుస్తుంది. వారానికోసారి, శనివారం సాయంత్రం కూలి లెక్కలప్పుడే అనుకోండి, ఏ పని ఎంత శాతం అయిందో నింపండి. నెల రోజులు నింపని చార్టు గోడ మీది పాత క్యాలెండర్‌తో సమానం.

మా ఇంటి పై అంతస్తు కట్టించినప్పుడు నేను 60 పనుల చార్టు అచ్చు తీసి మేస్త్రి చేతిలో పెట్టాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, ‘ఇన్ని గీతలెందుకు సా, ఈ రెండు వారాల్లో ఏ రోజు ఏం పనో చెప్పండి, చాలు’ అన్నాడు. నిజమే కదా అనిపించింది. వచ్చే పదిహేను రోజుల ముక్క మాత్రం పెద్ద అక్షరాలతో అచ్చు తీసి ఇచ్చాను. సిమెంటు బస్తాలున్న గదిలో తలుపు వెనక అంటించుకుని, అయిన పని మీద పెన్సిలుతో అడ్డగీత కొట్టేవాడు. శనివారం ఆ గీతలు చూసి నేను కంప్యూటర్‌లో నింపేవాణ్ని. మీరూ అలాగే చేయండి. చార్టును పీడీఎఫ్‌గానో బొమ్మగానో మార్చి వాట్సాప్‌లో పంపినా సరే, పనివాళ్లు సాఫ్ట్‌వేర్ నేర్చుకోనక్కర్లేదు.

ప్రశ్న: నెల్లూరు దగ్గర సబ్ కాంట్రాక్ట్ చేస్తున్నాం. మెయిన్ కాంట్రాక్టర్ పంపిన షెడ్యూల్ ఫైలు చివర ఎంపీపీ అని ఉంది, ఏం చేసినా తెరుచుకోవడం లేదు.

జవాబు: అది మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ ఫైలు. ప్రాజెక్ట్‌లిబ్రె అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దాన్ని తెరుస్తుంది. తెరిచాక ఒకటి రెండు తేదీలు వాళ్ల దగ్గరున్నవాటితో సరిచూసుకోండి. చూడటం వరకే అయితే పీడీఎఫ్ పంపమని అడగడమే సులువు.

ప్రశ్న: కావలిలో ఇంజినీరింగ్ ఆఖరి ఏడాది చదువుతున్నాం. ప్రాజెక్టుకు నలుగురం. గాంట్ చార్టు ఎక్సెల్‌లో వేస్తే సరిపోతుందా?

జవాబు: రిపోర్టులో పెట్టే బొమ్మకైతే సరిపోతుంది. స్టాక్డ్ బార్ చార్టు వేసి, మొదలయ్యే తేదీ భాగానికి రంగు తీసేస్తే పట్టీలు గాల్లో తేలినట్టు నిలుస్తాయి. తేదీలను చేత్తో కొట్టకుండా వర్క్‌డే.ఐఎన్‌టీఎల్ ఫార్ములాతో ముందు పని ముగింపు నుంచి లెక్కించండి. అందులో మూడో చోట 11 ఇస్తే ఆదివారం ఒక్కటే సెలవుగా తీసుకుంటుంది. అలా చేస్తే ఒక తేదీ మారినప్పుడు మిగతావి కూడా మారతాయి.

మీరు పంపిన పట్టిక చూశాను. జనవరిలో కోడింగ్, టెస్టింగ్, రిపోర్టు మూడింటి పక్కనా ఒకే అమ్మాయి పేరుంది, మూడూ ఒకే వారంలో. గాంట్‌ప్రాజెక్ట్‌లో మనుషుల పేర్లు కూడా ఇస్తే ఎవరి మీద ఎంత భారం పడిందో వేరే పేజీలో చూపిస్తుంది. ఎక్సెల్ దానంతటది చూపించదు. రిపోర్టు పనిని ఇవాళే ఇంకొకరికి మార్చండి.