చివర్లో ఆ జెండా సీను తీసెయ్

తిరుపతి
ఆదివారం

నాయనా,

నీ కథ రెండుసార్లు చదివాను. దాంతోపాటు పెట్టిన చీటీ మాత్రం నాలుగుసార్లు. ‘మ్యాన్‌హోల్లో దిగి చనిపోయిన మనిషి గురించి రాస్తే దేశం పరువు తీసినట్టా సార్?’ అని అడిగావు. చిన్నాయన ‘ఇంటిగుట్టు లంకకు చేటు’ అన్నాడని టెన్షన్ పడుతున్నావు.

ఆ సామెత విభీషణుడి మీద పుట్టింది. కానీ విభీషణుడు ముందే గడప దాటలేదు కదా. నిండు సభలో అన్న మొహం మీదే చెప్పాడు, సీతను పంపించెయ్యమని. ఇంపుగా మాట్లాడేవాళ్లు ఎందరైనా దొరుకుతారు, చేదుగా ఉన్నా మేలు చేసే మాట చెప్పేవాడూ వినేవాడూ దొరకరని కూడా అన్నాడు. నానా మాటలూ పడ్డాకే వెళ్లాడు. సామెత కట్టినవాళ్లు ఆ సభ సంగతి వదిలేశారు.

అలాగని నీ కథ బాగుందని అనను. మొదటి పేజీలోనే ‘ఈ దేశం ఇంతే’ అని మూడుచోట్ల ఉంది. ఆ మాట ఎక్కడ కూర్చునైనా రాయొచ్చు, తిరుపతి వీధిలో నిలబడాల్సిన పనిలేదు. శ్రీహరికోటలో రాకెట్ పైకి పోతోంది, తిరుపతిలో మనిషి కిందికి దిగుతున్నాడు అని పోలిక కూడా పెట్టావు. రెండూ ఒకే జిల్లాలో ఉండేసరికి నీ చెయ్యి ఆగలేదు, అర్థమైంది. కానీ రాకెట్‌ను ఎందుకు తిట్టడం? 2023 జులై 14న చంద్రయాన్-3 లేచినప్పుడు టీవీ ముందు నేనూ లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. మా ఆవిడ నవ్వింది కూడా. ఆ సంతోషమూ నిజమే, నీ కథ చదివి వచ్చిన కోపమూ నిజమే.

దానికి బదులు వివరం పట్టుకో. మనుషులతో మలం ఎత్తించకూడదని 1993లో చట్టం చేశారు. అది చాలక, రక్షణ సామగ్రి లేకుండా మురుగు కాలువల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి దించడం నేరమని 2013లో ఇంకొకటి చేశారు. చనిపోయినవాళ్ల కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. పరిహారం పెరుగుతోంది, దిగేవాళ్లు దిగుతూనే ఉన్నారు. నీ కథలో మేస్త్రీకి ఈ చట్టం తెలుసా? మూత తెరిచే ముందు అటూ ఇటూ చూశాడా? ఆ చూపు రాయి, చాలు.

నా సంగతి ఒకటి చెబుతాను. కుర్రతనంలో మా ఊరి టీ కొట్టులో దళితులకు వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి మీద కథ రాశాను. పత్రికలో వచ్చింది. ఊరి పరువు తీశాడని పెద్దలు తిట్టారు, నేను హీరోలా తిరిగాను. మా మామిడితోటలో పనిచేసే ముసలాయన ఎవరితోనో చదివించుకుని విన్నాడు. ‘బాగుంది సామీ, మీ చూరులో గ్లాసు సంగతి రాయలేదే’ అన్నాడు. నిజమే. మా వసారా చూరులో ఆయన కోసమని ఒక సత్తు గ్లాసు దోపి ఉండేది. మా అవ్వ అందులోకి పైనుంచి నీళ్లు పోసేది. నేను రోజూ చూసేవాణ్ని. ఆయనకు ఏం జవాబు చెప్పానో గుర్తులేదు, చెప్పి ఉండను.

నీ కథలోనూ అదే లోటు. ఆ వీధిలో కాలువ పొంగినప్పుడు, తెల్లారేసరికి మనిషిని పంపాలని ఫోన్లో అరిచిన ఇల్లు ఏది? నీకు తెలిసే ఉంటుంది.

ఇక చివరి సీను. చనిపోయినవాడి కొడుకు బళ్లో జనగణమన పాడి జెండాకు సెల్యూట్ కొడతాడు. అది కథ కోసం రాసింది కాదు, మీ చిన్నాయన కోసం రాసింది. తీసెయ్. నువ్వు మదనపల్లె వాడివి. ఆ గీతాన్ని రవీంద్రుడు ఇంగ్లీషులోకి తెచ్చింది మీ ఊరి కాలేజీలోనే, 1919లో. అంతకు రెండేళ్ల ముందే జాతీయవాదాన్ని గట్టిగా విమర్శిస్తూ ఆయన పుస్తకం వచ్చింది. ఆ రెంటిలో ఏదీ ఇంకోదానికి సంజాయిషీ కాదు.

తిరగరాసి నువ్వే తీసుకురా, పోస్టులో వద్దు. సాయంత్రం నాలుగు దాటితే ఇంట్లోనే ఉంటాను. చిన్నాయనను కూడా పిలుచుకుని రా. విభీషణుడి గురించి ఆయనతో రెండు మాటలు మాట్లాడాలి.